లేని జలాంతర్గామిని నడిపించిన జూల్స్ వెర్న్

మన హాస్టల్ లైబ్రరీ అంటే వార్డెన్ సారు గదిలో ఉండే ఇనుప బీరువా అని ఇక్కడ చదివిన వాళ్ళందరికీ తెలుసు. పై అరలో గైడ్లు, రెండో అరలో కథల పుస్తకాలు, కింది అరలో క్యారమ్ కాయిన్స్, ప్రథమ చికిత్స డబ్బా. ఆ రెండో అరలో అట్ట లేని పుస్తకం ఒకటి ఉండేది. మొదటి కొన్ని పేజీలు కూడా లేవు. సముద్రం అడుగున తిరిగే ఓడ, ఎక్కడి వాడో చెప్పని కెప్టెన్, ఆ ఓడలోనే పన్నెండు వేల పుస్తకాల లైబ్రరీ. ఎనిమిదో తరగతిలో మేము దాన్ని వంతులేసుకుని, స్టడీ అవర్‌లో సోషల్ పుస్తకం మధ్యలో దాచిపెట్టుకుని చదివాం. రాసిందెవరో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అప్పుడు తోచలేదు.

తొమ్మిదో తరగతిలో సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఆ పుస్తకం చూసే ఒక నమూనా చేశాం. ఒక ప్లాస్టిక్ సీసా, ఒక సిరంజి, ఒక సెలైన్ పైపు. సీసాలోకి నీళ్ళు వస్తే మునుగుతుంది, సిరంజితో గాలి పంపితే నీళ్ళు బయటికిపోయి తేలుతుంది. చూడటానికి వచ్చిన పెద్దమనిషి ఒకరు, ఇది పాత పుస్తకాల్లో ఉన్నదే, కొత్తదనం ఏముందని అడిగి వెళ్ళిపోయారు. మాకు సర్టిఫికెట్ రాలేదు. ఆ మాట మాత్రం చాలా ఏళ్ళు గుచ్చుతూనే ఉంది. డిగ్రీలో చేరాక ఆ పుస్తకం రచయిత పేరు తెలిసింది, ఆయన జీవితం చదివాం. అప్పుడు అర్థమైంది, ఆయనా పాత పుస్తకాల్లోంచే తీశాడని. అందుకే ఈసారి సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు జూల్స్ వెర్న్ గురించే రాస్తామన్నాం.

ఆయన 1828 ఫిబ్రవరి 8న ఫ్రాన్స్‌లోని నాంత్ పట్టణంలో పుట్టాడు. అది లువార్ నది మీద ఓడరేవు ఉన్న ఊరు. ఆ ఊరి సంపద చాలావరకు అంతకు ముందు శతాబ్దంలో ఆఫ్రికా మనుషులను బానిసలుగా అమ్మిన వ్యాపారంతో వచ్చింది. వెర్న్ పుట్టిన ఫేదో దీవి మీది పెద్ద పెద్ద ఇళ్ళు ఆ వ్యాపారులు కట్టించినవే. ఈ సంగతి పిల్లల కోసం రాసిన జీవిత చరిత్రల్లో సాధారణంగా కనిపించదు, కాని మనలాంటి వాళ్ళం తెలుసుకోవాల్సిందే. తండ్రి పియర్ వెర్న్ లాయరు, డబ్బుకు లోటు లేని ఇల్లు. తమ్ముడు పాల్ పెద్దయ్యాక నావికాదళంలో చేరాడు. అన్న జూల్స్‌కి కూడా ఓడలంటే ప్రాణం. పదకొండేళ్ళ వయసులో ఇంట్లో చెప్పకుండా ఓడెక్కి పారిపోబోతే తండ్రి పట్టుకొచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. బంధువుల్లో ఒకావిడ రాసిన జీవిత చరిత్ర వల్ల అది వ్యాపించింది, పరిశోధకులు మాత్రం నమ్మరు. మాకు ఆ కథ చాలా ఇష్టం, అయినా నిజమని రాయలేం.

పెద్ద కొడుకు కాబట్టి తండ్రి వృత్తి ఆయనకే రావాలని ఇంట్లో అనుకున్నారు. లా చదవడానికి పారిస్ పంపారు. చదువు పూర్తి చేశాడు, కాని మనసంతా నాటకాల మీదే. అలెగ్జాండర్ డ్యూమా పరిచయమై, 1850లో వెర్న్ రాసిన చిన్న నాటకం ఒకటి డ్యూమా థియేటర్లో ఆడింది. 1852లో తండ్రి తన ప్రాక్టీసు అప్పగిస్తానంటే వద్దని రాసేశాడు. మన వైపు నుంచి చూస్తే ఇది విచిత్రంగా ఉంటుంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదలు. మాకు తండ్రి వదిలిపెట్టే ఆఫీసు లేదు, కాదనుకునే అవకాశమూ లేదు. కాదనగలగడం కూడా ఒక ఆస్తేనని ఆయన్ని చదివినప్పుడు అనిపించింది. అయితే ఆ కాదన్న తర్వాత పదేళ్ళు ఆయన పడిన అవస్థ చూస్తే, తేలిగ్గా తీసిన మాట కాదని తెలుస్తుంది. ఒక థియేటర్లో సెక్రటరీగా చాలీచాలని సంపాదన. 1857లో ఇద్దరు ఆడపిల్లలున్న వితంతువు హొనొరీన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఇల్లు గడవడానికి పారిస్ స్టాక్ ఎక్స్ఛేంజీలో బ్రోకరు పని చేశాడు. తెల్లవారుజామున లేచి రాసుకోవడం, పగలు షేర్ల మార్కెట్, వీలు చిక్కితే జాతీయ గ్రంథాలయం.

ఆ గ్రంథాలయంలోనే అసలు పని జరిగింది. వెర్న్ ఇంజినీరు కాదు, సైంటిస్టు కాదు. ప్రయాణాల పుస్తకాలు, భూగోళ శాస్త్రం, యంత్రాల గురించిన పత్రికలు చదివి, పనికొస్తుందనిపించిన ప్రతి విషయాన్నీ చిన్న కాగితం ముక్కల మీద రాసి దాచేవాడు. జీవితాంతం ఆ అలవాటు మానలేదు. అవి వేల సంఖ్యలో పోగయ్యాయి. పోటీ పరీక్షలకు మనం చేసుకునే షార్ట్ నోట్స్ లాంటివే. తేడా ఏమిటంటే మనం పరీక్ష అయ్యాక పాతపేపర్ల వాడికి వేస్తాం.

1862లో ఆయన ఒక బెలూన్ ప్రయాణం కథ పట్టుకుని పియర్-జూల్ హెట్జెల్ అనే ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళాడు. 1863 జనవరిలో 'బెలూన్‌లో ఐదు వారాలు' వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత వరసగా భూమి లోపలికి ప్రయాణం 1864లో, చంద్రుడి మీదికి ప్రయాణం 1865లో, ఎనభై రోజుల్లో భూమి చుట్టిరావడం 1872లో. ఆ పుస్తకాల గురించి ఒక్కొక్కటిగా చెబితే సంచిక సరిపోదు. మేము చెప్పదలచుకున్నది నాటిలస్ గురించే. అట్ట లేని పుస్తకంలోని ఓడ పేరు అదే.

నాటిలస్ అనే పేరు వెర్న్ సొంతం కాదు. ఆయన పుట్టడానికి 28 ఏళ్ళ ముందు, 1800లో, రాబర్ట్ ఫుల్టన్ అనే అమెరికన్ ఫ్రాన్స్‌లోనే ఆ పేరుతో ఒక జలాంతర్గామి కట్టాడు. ఇనుప చట్రం మీద రాగి రేకులు, ఆరున్నర మీటర్ల పొడవు, లోపల ముగ్గురు మనుషులు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. నీటిపైన ఉన్నప్పుడు మడతపెట్టే తెరచాప. 1801లో బ్రెస్ట్ రేవు దగ్గర అది ఏడెనిమిది మీటర్ల లోతుకు దిగి గంటసేపు ఉంది. తర్వాత నొక్కిపెట్టిన గాలిని ఒక రాగి గోళంలో నింపుకుని నాలుగు గంటలకు పైగా ఉండగలిగారు. కాని చేత్తో తిప్పే యంత్రంతో శత్రువు ఓడను వెంబడించడం ఎలా? అది నీళ్ళు కారేది కూడా. నెపోలియన్ ప్రభుత్వానికి ఆసక్తి పోయింది. ఫుల్టన్ దాన్ని విప్పించేశాడు. ఆయన అమెరికా వెళ్ళి 1807లో హడ్సన్ నది మీద స్టీమర్ నడిపి పేరు తెచ్చుకున్నాక, ఈ పాత ఓడను ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

వెర్న్ గుర్తు పెట్టుకున్నాడు. ఆయన కాలంలో ఫ్రాన్స్ నావికాదళం నొక్కిపెట్టిన గాలితో నడిచే 'ప్లోంజర్' అనే జలాంతర్గామిని 1863లో నీటిలోకి దింపింది. అదీ ఎక్కువ దూరం పోలేకపోయింది. 1867లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దాని నమూనా పెట్టారు. అదే ఏడాది వెర్న్, తమ్ముడితో కలిసి 'గ్రేట్ ఈస్టర్న్' అనే మహా నౌకలో అమెరికా వెళ్ళి నయాగరా చూసి వచ్చాడు. ఆ ఓడ అంతకు ముందే అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ తీగ పరిచింది. ఇవన్నీ ఆయన కాగితం ముక్కల్లోకి చేరాయి. ఒక విఫలమైన ఓడ పేరు, ఇంకొక విఫలమైన ఓడ ఆకారం, అప్పుడప్పుడే ప్రయోగశాల దాటి బయటికొస్తున్న విద్యుత్తు. ఈ మూడూ కలిపి 1869-70లో పత్రికలో ధారావాహికగా 'సముద్రం కింద ఇరవై వేల లీగులు' రాశాడు. చాలామంది అది లోతు అనుకుంటారు, మేమూ అనుకున్నాం. అది దూరం. సముద్రం లోపల ప్రయాణించిన దూరం. నాలుగు కిలోమీటర్ల లీగు లెక్కన ఎనభై వేల కిలోమీటర్లు, అంటే భూమికి రెండు చుట్లు.

ఈ కల్పిత ఓడకు ఆయన ఇచ్చిన వివరాలు చూస్తే ముచ్చటేస్తుంది. పొడవు 70 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు, రెండు పొరల ఉక్కు. సోడియం వాడే బ్యాటరీలతో విద్యుత్తు, ఆ విద్యుత్తుతోనే వెలుగు, వంట, చోదన. ఎవరు కట్టారన్నది ఇంకా తమాషా. ప్రొపెల్లర్ గ్లాస్గోలో, ఇంజిన్ ప్రష్యాలోని క్రప్ ఫ్యాక్టరీలో, ముందుండే కొమ్ము స్వీడన్‌లోని మోటాలాలో, పలకలు లివర్‌పూల్‌లో, ఇలా ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క దేశంలో, వేరు వేరు పేర్లతో ఆర్డరిచ్చి, మనుషుల్లేని దీవిలో జోడించారట. అవి అప్పట్లో నిజంగా ఉన్న ఫ్యాక్టరీలు. ఓడ అబద్ధం, సామాను దొరికే చోటు నిజం. చదివిన కుర్రాళ్ళకు ఇది ఇవాళ కాకపోతే రేపు కట్టగలం అనిపించింది అందుకేనని మా అభిప్రాయం.

కెప్టెన్ నెమో సంగతి మనకు దగ్గరిది. నెమో అంటే లాటిన్‌లో ఎవరూ కాని వాడు. మొదట వెర్న్ ఆయన్ని పోలండ్ దేశస్థుడిగా అనుకున్నాడు. 1863 తిరుగుబాటులో రష్యన్ల చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న వాడు. హెట్జెల్ ఒప్పుకోలేదు. రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవాలి కదా. ఇద్దరి మధ్య ఉత్తరాల్లో పెద్ద వాదన జరిగి, చివరికి నెమో దేశమేదో చెప్పకుండా వదిలేశారు. ఐదేళ్ళ తర్వాత, 1875లో ముగిసిన 'రహస్య ద్వీపం' చివర్లో ఆ ముడి విప్పాడు. నెమో అసలు పేరు ప్రిన్స్ డక్కర్, బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, టిప్పు సుల్తాన్ మేనల్లుడు. ఐరోపాలో చదువుకుని, తిరిగొచ్చి, 1857 తిరుగుబాటులో పోరాడి, భార్యాబిడ్డలను పోగొట్టుకుని సముద్రంలోకి వెళ్ళిపోయాడు. టిప్పు చనిపోయింది 1799లో. మైసూరు టిప్పుకు బుందేల్‌ఖండ్‌లో మేనల్లుడు, అతను 1857లో యుద్ధం చేయడం! చరిత్ర లెక్కలో కుదరదు. వెర్న్ మన దేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా ప్రపంచంలోకెల్లా గొప్ప యంత్రాన్ని కట్టినవాడు ఒక భారతీయుడని, బ్రిటిష్ రాజ్యం నడుస్తున్న కాలంలో ఒక ఫ్రెంచి రచయిత రాశాడు. డిగ్రీలో ఈ సంగతి తెలిసిన రాత్రి మా గదిలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు మాలో ఒకడు ఇంకో ప్రశ్న వేశాడు. భారతీయుడైతే సరే, రాజకుమారుడే ఎందుకు కావాలి? ఆ పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. సోడియం తయారు చేయడానికి బొగ్గు కావాలి కాబట్టి, నాటిలస్ మనుషులు సముద్రం నడుమ చల్లారిన అగ్నిపర్వతం దగ్గర డైవింగు దుస్తులు వేసుకుని బొగ్గు తవ్వుతారు. ఓడ నడిచేది ఆ బొగ్గు వల్లే. వాళ్ళలో ఒక్కడికీ పేరు లేదు. కెప్టెన్‌కు పేరు లేకపోవడం రహస్యం, వాళ్ళకు పేరు లేకపోవడం మామూలు సంగతి. బెలూన్ కథలో ఆఫ్రికా ప్రజలను ఆయన వర్ణించిన తీరు చదివితే కోపం వస్తుంది. 1877లో వచ్చిన ఒక నవలలో యూదు పాత్రను అవమానకరంగా చిత్రించాడు. ఆయన కాలమే అలాంటిదని సర్దిచెప్పేవాళ్ళున్నారు. ఆ కాలంలోనే బానిసత్వానికి వ్యతిరేకంగా రాసినవాళ్ళూ ఉన్నారు, ఇదే వెర్న్ వేరే నవలల్లో దాన్ని ఖండించాడు కూడా. అంటే తెలియక కాదు. ఇష్టమైన రచయిత గురించి ఇది రాయడం కష్టంగానే ఉంది.

ఇంట్లో కూడా అంతే. తండ్రి మాట కాదన్న మనిషి, కొడుకు మిషెల్ తన మాట వినకపోతే ఓర్చుకోలేదు. పిల్లవాణ్ణి దిద్దుబాటు కేంద్రంలో పెట్టించాడు. తర్వాత 1878లో బలవంతంగా ఓడెక్కించి మన దేశం వైపు పంపించాడు. చివరి రోజుల్లో ఇద్దరికీ సయోధ్య కుదిరింది. తండ్రి పోయాక వచ్చిన నవలలను మిషెల్ చాలా మార్చాడని, కొన్ని అసలు తనే రాశాడని 1970లలో బయటపడింది.

1871 నుంచి వెర్న్ భార్య సొంతవూరు ఆమియాన్‌లో స్థిరపడ్డాడు. ఉదయం ఐదింటికి లేచి మధ్యాహ్నం లోపల రాయడం, తర్వాత పత్రికలు తిరగేసి నోట్స్ రాసుకోవడం. డబ్బు వచ్చాక సొంత పడవలు కొన్నాడు, వాటికి కొడుకు పేరే పెట్టాడు. ఆకాశయానాల గురించి అంత రాసినవాడు బెలూన్ ఎక్కింది ఒక్కసారి, 1873లో, 24 నిమిషాలు. జలాంతర్గామి ఎక్కనే లేదు. 1886 మార్చి 9న మతి చలించిన తమ్ముడి కొడుకు గాస్టన్ తుపాకీతో కాల్చాడు. కాల్లో గుండు దిగి జీవితాంతం కుంటాడు. ఆ నెలలోనే హెట్జెల్ చనిపోయాడు. 1888లో ఆమియాన్ పురపాలక సభ్యుడిగా గెలిచి పదిహేనేళ్ళు ఊరి థియేటరు, సర్కస్ భవనం లాంటి పనులు చూశాడు. చక్కెర వ్యాధి, కంటి చూపు తగ్గడం. 1905 మార్చి 24న కన్నుమూశాడు.

కాని ఆయన లేని ఓడ ఆగలేదు. అమెరికాలో సైమన్ లేక్ అనే కుర్రాడు చిన్నప్పుడే ఈ పుస్తకం చదివాడు. నెమో మనుషులు నీటి అడుగున తలుపు తీసుకుని బయటికి నడిచి వెళ్తారు కదా, అది నిజంగా చేయాలని పట్టుబట్టాడు. చేతిలో డబ్బు లేదు. 1894లో చెక్కతో ఒక పెట్టె లాంటి జలాంతర్గామి చేశాడు. మధ్యలో గుడ్డ, తారు. కింద చక్రాలు, సముద్రపు ఇసుక మీద చేత్తో తిప్పుకుంటూ నడపడానికి. గాలి నింపుకోవడానికి సోడా అంగడిలో వాడే పాత ట్యాంకు. లోపలి గాలి ఒత్తిడి బయటి నీటి ఒత్తిడికి సమానం చేసి కింది తలుపు తీస్తే నీళ్ళు లోపలికి రాలేదు. మేము సెలైన్ పైపుతో చేసిందీ ఇంచుమించు ఆ సూత్రమే, మాకప్పుడు ఆయన పేరు తెలియదు. 1898లో లేక్ పెద్దది కట్టి నార్ఫోక్ నుంచి న్యూయార్క్ దాకా సముద్రంలో నడిపితే, డెబ్బై ఏళ్ళ వెర్న్ ఫ్రాన్స్ నుంచి అభినందన తంతి పంపాడు. లేక్ కంపెనీ కట్టిన ఒక జలాంతర్గామినే 1931లో అన్వేషకుడు హ్యూబర్ట్ విల్కిన్స్ ఉత్తర ధ్రువానికి తీసుకుపోవాలని బయల్దేరాడు. దానికి పెట్టిన పేరు నాటిలస్. పేరు పెట్టే వేడుకకు వెర్న్ మనవడు వచ్చాడు. అది ధ్రువం చేరలేదు, చెడిపోయి వెనక్కొచ్చింది.

అమెరికా నావికాదళం 1954 జనవరిలో ప్రపంచంలో మొదటి అణు జలాంతర్గామిని నీటిలోకి దింపింది. దాని పేరు కూడా నాటిలస్. 1957 ఫిబ్రవరి నాటికి అది 60,000 నాటికల్ మైళ్ళు తిరిగింది, మూడు మైళ్ళ లీగు లెక్కన సరిగ్గా ఇరవై వేల లీగులు. 1958 ఆగస్టు 3న మంచు కింద నుంచి ఉత్తర ధ్రువం దాటింది. చేత్తో ప్రొపెల్లర్ తిప్పిన ముగ్గురి నుంచి అక్కడికి 158 ఏళ్ళు. మధ్యలో ఉన్నది ఒక కథ. చంద్రయానం నవల కూడా అలాగే పనిచేసింది. ఫిరంగితో మనుషులను చంద్రుడి మీదికి పంపాడు వెర్న్. రష్యాలో సియోల్కోవ్‌స్కీ, జర్మన్ మాట్లాడే ఊళ్ళో ఓబర్త్ అది చదివి లెక్కలు వేశారు. ఆ వేగానికి లోపలి మనుషులు నుజ్జవుతారని తేలింది. అయితే రాకెట్ కావాలన్నారు. వెర్న్ తప్పు కూడా పనికొచ్చింది.

ఒక చిన్న విషయం చెప్పి ఆపుతాం. మొదటి విజయం తర్వాత వెంటనే, 1863లో, వెర్న్ ఇరవయ్యో శతాబ్దపు పారిస్ గురించి ఒక నవల రాసిచ్చాడు. అందులో 1960ల నగరం, మోటారు వాహనాలు, కవిత్వం చదివినందుకు నవ్వులపాలై ఆకలితో తిరిగే కుర్రాడు. ఎవరూ నమ్మరని హెట్జెల్ తిప్పికొట్టాడు. వెర్న్ దాన్ని ఇనుప పెట్టెలో పెట్టేశాడు. ఆ పెట్టె తెరిచి చూసింది ఆయన మునిమనవడు. నవల 1994లో అచ్చయింది.

పోయిన నెల సంచిక పని మీద హాస్టల్‌కి వచ్చినప్పుడు బీరువా తెరిపించాం. మన పుస్తకం అక్కడే ఉంది, చివరి పేజీలు కూడా ఊడిపోతున్నాయి. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి, మైదా జిగురుతో అతికించి, పైన జూల్స్ వెర్న్ అని స్కెచ్ పెన్నుతో రాసి రెండో అరలోనే పెట్టాం. తాళం వార్డెన్ సారు దగ్గర ఉంది. తమ్ముళ్ళూ, అడగండి.